జెరండ్ ఫ్రేజ్‌కు మన ‘-డం’ ఎంతవరకు తోడు వస్తుంది?

తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఇప్పుడు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, క్లయింట్లకు రోజూ మెయిల్స్ రాయవలసి వస్తున్న మీరు మూడు సందేహాలు అడిగారు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాస్తే మీ మేనేజర్ ‘మీటింగ్’ అని ఎందుకు దిద్దారన్నది మొదటిది. ‘-ఇంగ్’ కనిపిస్తే అది జరుగుతున్న పని అని బడిలో నేర్చుకున్నాం కదా, అదే రూపం నామవాచకం ఎలా అవుతుందన్నది రెండోది. ఒక పొడవైన వాక్యంలో జెరండ్ ఫ్రేజ్ (‘-ఇంగ్’ చేరిన క్రియతో మొదలై, మొత్తంగా నామవాచకంలా పనిచేసే పదబంధం) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎలా గుర్తుపట్టాలన్నది మూడోది. ఈ నగరంలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారికి చాలాకాలంగా ఇంగ్లీషు రాత నేర్పుతున్నాను కనుక, ఈ మూడింటికీ మన భాషలోనుంచే దారి ఉందని చెప్పగలను. అయితే ఆ దారి కొంతదూరం వరకే వెళ్తుంది. అది ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోవడం వల్లనే మీ వంటివారి మెయిల్స్‌లో తప్పులు దొర్లుతున్నాయి.

ముందు రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దానిమీదే నిలుస్తాయి. ‘బస్సు కోసం ఎదురుచూడడం విసుగు పుట్టిస్తుంది’, ‘బస్సు కోసం ఎదురుచూస్తూ ఆమె నవల చదివింది’, ‘బస్సు కోసం ఎదురుచూస్తున్న జనం గొడుగులు తెరిచారు’ అనే మూడు వాక్యాలు చూడండి. మొదటిదానిలో ‘ఎదురుచూడడం’ నామవాచకం చేసే పని చేస్తోంది, రెండోదానిలో ‘ఎదురుచూస్తూ’ చదవడం అనే క్రియకు తోడుగా నిలుస్తోంది, మూడోదానిలో ‘ఎదురుచూస్తున్న’ జనానికి విశేషణమైంది. ఈ మూడింటినీ ఇంగ్లీషులో చెప్పండి: ‘వెయిటింగ్ ఫర్ ద బస్ ఈజ్ టైరింగ్’, ‘వెయిటింగ్ ఫర్ ద బస్, షి రెడ్ ఎ నావెల్’, ‘ద పీపుల్ వెయిటింగ్ ఫర్ ద బస్ ఓపెన్డ్ దెయిర్ అంబ్రెల్లాస్’. మనం మూడు ప్రత్యయాలతో చెప్పినదాన్ని ఇంగ్లీషు ఒక్క ‘-ఇంగ్’తో సరిపెట్టుకుంది. వీటిలో మొదటిది మాత్రమే జెరండ్ ఫ్రేజ్. మిగిలిన రెండూ పార్టిసిపుల్ ఫ్రేజులు.

ఇంగ్లీషు మొదటి నుంచీ ఇలా లేదు. ప్రాచీన ఇంగ్లీషులో క్రియ నుంచి పుట్టిన నామవాచకానికి ‘-ఉంగ్’ లేదా ‘-ఇంగ్’ అనే ప్రత్యయం, వర్తమాన విశేషణ రూపానికి ‘-ఎండె’ అనే వేరొక ప్రత్యయం ఉండేవి. మధ్యకాలపు ఇంగ్లీషులో ఆ రెండూ ‘-ఇంగ్’లో కలిసిపోయాయి. కాబట్టి మీకు కలిగిన తికమక మీ చదువులోని లోపం కాదు, ఆ భాష చరిత్రలోనే ఉంది. పైగా ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారి కంటే మీకు ఒక సౌకర్యం ఎక్కువ. ‘-ఇంగ్’ ఉన్న ముక్కను తెలుగులోకి తిప్పినప్పుడు ‘-డం’ వస్తే అది జెరండ్, ‘-తూ’ గానీ ‘-తున్న’ గానీ వస్తే పార్టిసిపుల్, ‘-తున్నాడు’, ‘-తున్నాను’ వస్తే బడిలో చెప్పిన కంటిన్యుయస్. ‘మై బ్రదర్ ఈజ్ డ్రైవింగ్ ఎ క్యాబ్’, ‘మై జాబ్ ఈజ్ డ్రైవింగ్ ఎ క్యాబ్’ అనే వాక్యాలు అచ్చం ఒకేలా కనిపిస్తాయి. తెలుగులో మాత్రం మొదటిది ‘మా తమ్ముడు క్యాబ్ నడుపుతున్నాడు’, రెండోది ‘నా పని క్యాబ్ నడపడం’. ఉద్యోగం స్టీరింగ్ పట్టుకుని కూర్చోదు కదా.

భాషాశాస్త్ర పాఠాల్లో తరచు కనిపించే ‘ఫ్లయింగ్ ప్లేన్స్ కెన్ బి డేంజరస్’ అనే వాక్యం కూడా ఇటువంటిదే. విమానాలు నడపడం ప్రమాదకరమా, ఎగురుతున్న విమానాలు ప్రమాదకరమా అన్నది ఇంగ్లీషు వాక్యం తేల్చి చెప్పదు. తెలుగులో రాసేవారు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అదే వాక్యంలో ‘కెన్ బి’ తీసేసి ‘ఈజ్’ పెడితే నడపడం అనే అర్థం, ‘ఆర్’ పెడితే ఎగురుతున్న విమానాలు అనే అర్థం వెంటనే తేలిపోతుంది. ఎందుకంటే జెరండ్ ఫ్రేజ్ లోపల ఎన్ని బహువచనాలున్నా, ఫ్రేజ్ మొత్తం ఏకవచనమే. ‘ఆన్సరింగ్ దీజ్ మెయిల్స్ టేక్స్ టూ అవర్స్’ అనాలి. ‘మెయిల్స్’ పక్కనే ఉంది కదా అని ‘టేక్’ అని రాసేవారు చాలామంది. ‘ఈ మెయిల్స్‌కు జవాబులు రాయడం విసుగు పుట్టిస్తుంది’ అని తెలుగులో అనుకుని చూడండి, ‘పుట్టిస్తాయి’ అని మీ నోటికి రాదు.

ఇక జెరండ్ ఫ్రేజ్ హద్దుల సంగతి. ‘డ్రైవింగ్’ ఒక్కటే ఉంటే జెరండ్. దానికి కర్మ, స్థలం, కాలం, విధానం వంటివి తగిలి అంతా కలిసి ఒకే నామవాచకం స్థానంలో కూర్చుంటే జెరండ్ ఫ్రేజ్. ఇక్కడ తెలుగుకూ ఇంగ్లీషుకూ ఉన్న తేడా పదాల వరుసలోది. ‘సాయంత్రం ఆరు గంటలకు సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటడం’ అన్నప్పుడు ‘దాటడం’ చివర ఉండి ముందున్న పదాలన్నింటినీ కట్టివేస్తుంది. ‘క్రాసింగ్ సిల్క్ బోర్డ్ జంక్షన్ ఎట్ సిక్స్ ఇన్ ది ఈవినింగ్’ అన్నప్పుడు ‘క్రాసింగ్’ ముందే వచ్చి, వెనక వచ్చేవాటిని లాక్కుని పోతుంది. తెలుగులో ఇంజను వెనక నుంచి తోస్తే, ఇంగ్లీషులో ముందు నుంచి లాగుతుందన్నమాట. అందుచేత ఇంగ్లీషు వాక్యంలో ఫ్రేజ్ ఎక్కడ మొదలైందో చెప్పడం సులువు, ఎక్కడ ముగిసిందో చెప్పడమే కష్టం. తెలుగులో సరిగ్గా దీనికి తలకిందులు.

ముగింపును పట్టుకోవడానికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే: ‘-ఇంగ్’ నుంచి మొదలుపెట్టి ఎంతవరకు తీసేసి ఆ స్థానంలో ‘ఇట్’ పెడితే వాక్యం చెడకుండా నిలుస్తుందో, అంతవరకు ఫ్రేజ్. ‘క్రాసింగ్ సిల్క్ బోర్డ్ జంక్షన్ ఎట్ సిక్స్ ఇన్ ది ఈవినింగ్ టెస్ట్స్ ఎనీవన్స్ పేషెన్స్’ అనే వాక్యంలో ‘జంక్షన్’ వరకే తీసేస్తే ‘ఇట్ ఎట్ సిక్స్ ఇన్ ది ఈవినింగ్ టెస్ట్స్’ అని అతకని ముక్క మిగులుతుంది. ‘ఈవినింగ్’ వరకు తీస్తే ‘ఇట్ టెస్ట్స్ ఎనీవన్స్ పేషెన్స్’ అని చక్కగా నిలుస్తుంది. హద్దు అక్కడే ఉంది. ఒక ఫ్రేజ్ కడుపులో మరొకటి ఉన్నప్పుడు కూడా ఇదే పని చేస్తుంది. ‘హి సజెస్టెడ్ అవాయిడింగ్ ద రోడ్ బై టేకింగ్ ద మెట్రో’లో ‘అవాయిడింగ్’ నుంచి చివరిదాకా ఒక ఫ్రేజ్, అది ‘సజెస్టెడ్’కు కర్మ. దాని లోపల ‘టేకింగ్ ద మెట్రో’ ఇంకొక ఫ్రేజ్, అది ‘బై’ అనే ప్రిపొజిషన్‌కు కట్టుబడి ఉంది.

జెరండ్‌ను అచ్చమైన నామవాచకం నుంచి వేరుచేసుకోవడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. మనకు ‘నడక’ ఉంది, ‘నడవడం’ ఉంది. ‘చదువు’ ఉంది, ‘చదవడం’ ఉంది. ‘రాక’ ఉంది, ‘రావడం’ ఉంది. ‘వేగమైన నడక’ అంటాం, ‘వేగంగా నడవడం’ అంటాం. ‘వేగమైన నడవడం’ అని ఎవరూ అనరు. అంటే ‘-డం’ బయటికి నామవాచకంలా ప్రవర్తించినా, లోపల క్రియ స్వభావాన్ని వదులుకోదు. కర్మను తీసుకుంటుంది, క్రియా విశేషణాన్ని తీసుకుంటుంది. ఇంగ్లీషులో ఈ రెండు రకాలకూ తరచుగా ఒకే రూపం ఉంటుంది కనుక చుట్టూ ఉన్న పదాలను చూడాలి. ‘ద కేర్‌ఫుల్ టెస్టింగ్ ఆఫ్ ద కోడ్’ అన్నప్పుడు ‘టెస్టింగ్’ పూర్తి నామవాచకం, అందుకే దానికి ‘ద’ వచ్చింది, విశేషణం వచ్చింది, ‘ఆఫ్’ వచ్చింది. ‘టెస్టింగ్ ద కోడ్ కేర్‌ఫుల్లీ’ అన్నప్పుడు అది జెరండ్, కాబట్టి ఆ మూడూ అక్కరలేదు. ఆఫీసు మెయిల్స్‌లో నాకు ఎక్కువగా కనిపించేది ఈ రెండింటి కలగలుపు: ‘ద టెస్టింగ్ ద కోడ్’. ‘ద’ పెడితే ‘ఆఫ్’ కూడా పెట్టండి, లేదా రెండూ తీసేయండి. తీసేయడమే మేలు, వాక్యం తేలికపడుతుంది.

ఇప్పుడు మీ మేనేజర్ దిద్దుబాటుకు వస్తాను. ఇంగ్లీషులో ‘టు’ అనే పదం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ‘వాంట్ టు గో’లో అది క్రియ మూలరూపానికి ముందు వచ్చే గుర్తు మాత్రమే. ‘గో టు మైసూర్’లో అది ప్రిపొజిషన్, మన ‘కు’ వంటిది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ఈ రెండో ‘టు’. ప్రిపొజిషన్ తర్వాత నామవాచకం గానీ నామవాచకంతో సమానమైనది గానీ రావాలి కనుక, క్రియ రావలసి వస్తే అది జెరండ్ రూపం ధరించి రావాలి. ఏ ‘టు’ ఏదో తెలుసుకోవడానికి దాని తర్వాత ఒక మామూలు నామవాచకాన్ని పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ద ట్రిప్’ నిలుస్తుంది, కాబట్టి ‘టు మీటింగ్ యు’. ‘ఐ వాంట్ టు ద ట్రిప్’ నిలవదు, కాబట్టి ‘టు మీట్ యు’. ‘బి యూజ్డ్ టు’, ‘గెట్ అకస్టమ్డ్ టు’, ‘ఆబ్జెక్ట్ టు’, ‘కమిటెడ్ టు’, ‘ఇన్ అడిషన్ టు’, ‘విత్ ఎ వ్యూ టు’, ‘వెన్ ఇట్ కమ్స్ టు’ అన్నీ ఈ కోవలోవే.

వీటిలో ‘యూజ్డ్ టు’ మోసం చేస్తుంది. ‘ఐ యూజ్డ్ టు టేక్ ద బస్’ అంటే ‘బస్సులో వెళ్లేవాణ్ని’, ఇప్పుడు వెళ్లడం లేదు. ‘ఐ ఆమ్ యూజ్డ్ టు టేకింగ్ ద బస్’ అంటే ‘బస్సులో వెళ్లడం నాకు అలవాటైంది’. తెలుగులో ఈ రెండింటి మధ్య ఏ పోలికా లేదు కనుక, ముందు తెలుగు వాక్యాన్ని మనసులో స్పష్టం చేసుకుని తర్వాత ఇంగ్లీషు రాసేవారు ఇక్కడ తడబడరు.

కానీ ప్రిపొజిషన్ల దగ్గరికి వచ్చేసరికి నేను ఇంతసేపూ మెచ్చుకున్న ‘-డం’ పరీక్ష చాలాచోట్ల చేతులెత్తేస్తుంది. దీన్ని కొంచెం నిలిచి చూడాలి. ‘ఆఫ్టర్ ఫినిషింగ్ ద వర్క్’ అనేదాన్ని తెలుగులో ‘పని ముగించిన తర్వాత’ అంటాం. ‘బిఫోర్ లీవింగ్’ అంటే ‘బయలుదేరే ముందు’. ‘వితౌట్ ఆస్కింగ్’ అంటే ‘అడగకుండా’. ‘ఇన్‌స్టెడ్ ఆఫ్ కాలింగ్’ అంటే ‘ఫోన్ చేసే బదులు’. ‘థ్యాంక్స్ ఫర్ కమింగ్’ అంటే ‘వచ్చినందుకు కృతజ్ఞతలు’. ఒక్కచోటా ‘-డం’ లేదు. ఇంగ్లీషులో మాత్రం అన్నిచోట్లా జెరండే ఉంది. తెలుగు మనసుకు ఇక్కడ నామవాచకం ఏదీ కనబడదు కాబట్టి ‘ఆఫ్టర్ ఫినిష్ ద వర్క్’, ‘వితౌట్ ఇన్‌ఫార్మ్ మి’ వంటి వాక్యాలు పుడతాయి. అందువల్ల ఇక్కడ తెలుగును పక్కన పెట్టి ఇంగ్లీషు సూత్రాన్నే పట్టుకోండి: ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే అది ‘-ఇంగ్’ రూపంలోనే వస్తుంది. ‘బట్’, ‘ఎక్సెప్ట్’ తర్వాత మాత్రం మూలరూపం రావచ్చు. ‘హి డిడ్ నథింగ్ బట్ కంప్లెయిన్’ అంటాం. రోజువారీ రాతకు ఇంతకు మించి మినహాయింపులు అక్కరలేదు.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటి ఉంది, అది ‘-డానికి’ అనే రూపం నుంచి వస్తుంది. ‘మిమ్మల్ని కలవడానికి వచ్చాను’ అన్నప్పుడు ‘కలవడం’కు ‘కి’ చేరింది. ‘కి’ అంటే ‘ఫర్’ అనుకుని, ‘-డం’ అంటే ‘-ఇంగ్’ అనుకుని, లెక్క సరిపోయిందన్న ధీమాతో మనవారు ‘ఐ కేమ్ ఫర్ మీటింగ్ యు’ అని రాస్తారు. ఒక మనిషి ఒక పని చేయడానికి గల ఉద్దేశాన్ని చెప్పేటప్పుడు ఇంగ్లీషు ‘టు’ను కోరుతుంది: ‘ఐ కేమ్ టు మీట్ యు’. ‘ఫర్’కు జెరండ్ తగిలేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో. ఒక వస్తువు దేనికి పనికివస్తుందో చెప్పేటప్పుడు ‘ఏన్ యాప్ ఫర్ బుకింగ్ టికెట్స్’ అంటాం. జరిగిపోయినదానికి మెప్పు, జరిమానా, క్షమాపణ వంటివి చెప్పేటప్పుడు ‘హి వాజ్ ఫైన్డ్ ఫర్ పార్కింగ్ ఆన్ ద ఫుట్‌పాత్’ అంటాం. మీ పక్క సీటులోని కన్నడిగులు కూడా ఇదే తప్పు చేయడం మీరు గమనించే ఉంటారు. వారి ‘ఓదువుదు’ మన ‘చదవడం’ చేసే పనే చేస్తుంది, దానికీ విభక్తులు చేరతాయి. కాబట్టి పక్కవారు సరే అన్నారని వాక్యం సరైనదని అనుకోవద్దు.

క్రియల ఎంపిక గురించి పుస్తకాల్లో పొడవాటి పట్టికలు ఉంటాయి. ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’, ‘కీప్’, ‘మైండ్’, ‘డినై’, ‘అడ్మిట్’, ‘పోస్ట్‌పోన్’, ‘సజెస్ట్’, ‘కన్సిడర్’ వంటివాటి తర్వాత జెరండ్. ‘వాంట్’, ‘హోప్’, ‘డిసైడ్’, ‘ప్లాన్’, ‘ప్రామిస్’, ‘రెఫ్యూజ్’, ‘అగ్రీ’, ‘మేనేజ్’ తర్వాత ‘టు’. ఇకముందు జరగవలసినదాన్ని చూపేవాటికి ‘టు’, ఇప్పటికే ఉన్నదాన్నో అనుభవంలోనిదాన్నో చూపేవాటికి ‘-ఇంగ్’ అని ఒక ఊహాసూత్రం చెబుతారు. అది చాలాచోట్ల పనికివస్తుంది గానీ, ‘సజెస్ట్’, ‘కన్సిడర్’, ‘పోస్ట్‌పోన్’ ముందు జరగబోయేవాటినే చెబుతూ కూడా జెరండ్‌నే తీసుకుంటాయి. పట్టికను కంఠస్థం చేయమని నేను చెప్పను. మీరు నిత్యం వాడే క్రియలు పది, పదిహేను మించవు. వాటితో మీ పనికి సంబంధించిన వాక్యాలు రాసుకుంటే చాలు. ‘సజెస్ట్’ ఒక్కదాన్ని మాత్రం ప్రత్యేకంగా చూసుకోండి. ‘మెట్రోలో వెళ్లమని సూచించాడు’ అనే మన వాక్యం ‘హి సజెస్టెడ్ మి టు టేక్ ద మెట్రో’ అనే తప్పుకు దారితీస్తుంది. ‘హి సజెస్టెడ్ టేకింగ్ ద మెట్రో’ సరైనది. ‘మి టు టేక్’ అనే కూర్పే కావాలంటే క్రియను మార్చి ‘అడ్వైజ్డ్’ అనండి.

రెండింటినీ తీసుకుని, అర్థం మార్చుకునే క్రియల దగ్గర తెలుగు మళ్లీ గొప్పగా అక్కరకు వస్తుంది. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే సిగరెట్ తాగడం మానేశాడు, ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే సిగరెట్ తాగడానికి ఆగాడు. ‘ఐ ట్రైడ్ టు కాల్ హిమ్’ అంటే ఫోన్ చేయడానికి ప్రయత్నించాను, చేయగలిగానో లేదో తెలియదు. ‘ఐ ట్రైడ్ కాలింగ్ హిమ్’ అంటే ఫోన్ చేసి చూశాను. ‘చేసి చూడడం’ అనే మన పలుకుబడి ఈ జెరండ్‌కు అతికినట్టు సరిపోతుంది. ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’ అంటే తాళం వేయాలని గుర్తుంచుకో, ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తు. ‘వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు’ అంటే తెలియజేయవలసి వస్తున్నందుకు చింతిస్తున్నాం, ‘ఐ రిగ్రెట్ టెల్లింగ్ హిమ్’ అంటే అతనికి చెప్పినందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

అయితే ‘ఫర్‌గెట్’ దగ్గర జాగ్రత్త. ‘తాళం వేయడం మర్చిపోయాను’ అనేదానిలో ‘-డం’ ఉంది, కానీ ఇంగ్లీషులో ‘ఐ ఫర్‌గాట్ టు లాక్ ద డోర్’ అనాలి. ‘ఐ ఫర్‌గాట్ లాకింగ్’ అంటే తాళం వేసిన సంగతే జ్ఞాపకం లేదని అర్థం వస్తుంది. ఇలా తెలుగులో ‘-డం’ ఉన్నా ఇంగ్లీషులో జెరండ్ రాని చోట్లు మరికొన్ని ఉన్నాయి. ‘నాకు బిర్యానీ వండడం తెలుసు’ అంటే ‘ఐ నో హౌ టు కుక్ బిర్యానీ’. ‘ఈ రోజు ముగించడం కుదరదు’ అంటే ‘ఇట్ ఈజ్ నాట్ పాసిబుల్ టు ఫినిష్ టుడే’. ‘ముందే చెప్పడం మంచిది’ అంటే ‘ఇట్ ఈజ్ బెటర్ టు టెల్ దెమ్ ఎర్లీ’. ఇక మన ఆఫీసుల తెలుగులో, సభల తెలుగులో ‘తెలియజేయడం జరిగింది’, ‘నిర్ణయించడం జరిగింది’ అనే వాడుక పాతుకుపోయింది. తెలుగులోనే అది నాకు రుచించదు. దాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోయి ‘ఇన్‌ఫార్మింగ్ వాజ్ డన్’ అని రాయడం మాత్రం ఎంతమాత్రం తగదు. ‘వి ఇన్‌ఫార్మ్‌డ్ దెమ్’ అంటే సరిపోతుంది.

తెలుగు దారి తప్పించే మరొక చోటు జెరండ్‌కు కర్తను చేర్చడం. ‘అతను ఆలస్యంగా రావడం నాకు నచ్చలేదు’లో ‘అతను’ ప్రథమా విభక్తిలోనే ఉంది. దాన్నిబట్టి ‘హి కమింగ్ లేట్’ అని రాస్తే ఇంగ్లీషు ఒప్పుకోదు. ‘ఐ డిడ్ నాట్ లైక్ హిస్ కమింగ్ లేట్’ లేదా ‘హిమ్ కమింగ్ లేట్’ అనాలి. ఈ రెండింటిలో ఏది సరైనదన్న విషయంపై పెద్ద వాదమే జరిగింది. ఆంగ్ల వాడుకపై 1926లో వచ్చిన తన గ్రంథంలో ఫౌలర్ ‘హిమ్ కమింగ్’ వంటివాటిని ‘ఫ్యూజ్డ్ పార్టిసిపుల్’ అని తప్పుపట్టగా, డెన్మార్క్ పండితుడు ఆటో యెస్పర్సన్ అది మంచి రచయితల వాడుకలోనే ఉందని ఎదురు నిలిచారు. నేటి వాడుక యెస్పర్సన్ వైపే మొగ్గింది. నా సలహా ఏమిటంటే, లాంఛనమైన మెయిల్‌లో, వాక్యం మొదట్లో, సర్వనామం ఉన్నప్పుడు ‘హిస్’, ‘యువర్’, ‘దెయిర్’ వాడండి. మాటల్లో ‘హిమ్’ వాడినా నష్టం లేదు. కర్త ప్రాణం లేనిదో, పొడవైనదో అయితే షష్ఠీ రూపం కోసం పట్టుబట్టకండి. ‘ద రిస్క్ ఆఫ్ ద సర్వర్ గోయింగ్ డౌన్’ అంటేనే సహజంగా ఉంటుంది. ‘ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్’లో మాత్రం ‘హిస్’ పెట్టకూడదు. అక్కడ చూసింది దాటడాన్ని కాదు, దాటుతుండగా అతన్ని. అది పార్టిసిపుల్.

కర్తను చెప్పకుండా వదిలినప్పుడు వచ్చే ఇబ్బంది వేరు. ‘ఆఫ్టర్ రీడింగ్ యువర్ మెయిల్, ద సర్వర్ వాజ్ రీస్టార్టెడ్’ అంటే మెయిల్ చదివింది సర్వరే అన్నట్టు ధ్వనిస్తుంది. ‘మీ మెయిల్ చదివి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాం’ అన్నప్పుడు ‘చదివి’, ‘చేశాం’ రెండింటికీ కర్త ‘మేము’ అని క్రియే చెబుతుంది. ‘చదివి’ వంటి క్త్వార్థకానికీ, వాక్యాన్ని ముగించే సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలన్న నియమం మన వ్యాకరణంలో ఉన్నదే. ఇంగ్లీషులో ఆ కర్తను కామా తర్వాత వెంటనే కనబడేలా నిలపాలి: ‘ఆఫ్టర్ రీడింగ్ యువర్ మెయిల్, వి రీస్టార్టెడ్ ద సర్వర్’.

వ్యతిరేకార్థం గురించి చెప్పవలసింది తక్కువ. మన ‘రాకపోవడం’కు ‘నాట్ కమింగ్’ అని, ‘-ఇంగ్’కు ముందే ‘నాట్’ పెట్టాలి. ‘డోంట్ కమింగ్’ అనే రూపం లేదు. కర్మణి అర్థం కావాలంటే ‘బీయింగ్’ చేర్చి ‘ఐ డిస్‌లైక్ బీయింగ్ ఇంటరప్టెడ్’ అనాలి. ‘నీడ్’ తర్వాత మాత్రం అదనంగా ఏమీ అక్కరలేకుండానే ఆ అర్థం వస్తుంది. ‘దిస్ డాక్యుమెంట్ నీడ్స్ చెకింగ్’ అంటే దీన్ని ఎవరైనా సరిచూడాలి.

‘వెయిటింగ్ రూమ్’, ‘వాకింగ్ స్టిక్’ వంటి జంటపదాల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. గది ఎదురుచూడదు, కర్ర నడవదు కాబట్టి ఇవి జెరండ్‌తో ఏర్పడిన సమాసాలు. ‘స్లీపింగ్ చైల్డ్’లో బిడ్డే నిద్రపోతోంది కనుక అది పార్టిసిపుల్. ఇక్కడ తెలుగు ప్రత్యయం సాయం చేయదు, ఎందుకంటే ‘నడిచే మనిషి’, ‘నడిచే దారి’ రెండింటికీ మనం ఒకే ‘-ఏ’ వాడతాం. ఆ పని చేసేది పక్కనున్న వస్తువేనా అని మాత్రం అడిగి చూసుకోండి.

బ్యాంకు పరీక్షకు చదువుతున్న మీ చెల్లెలి పుస్తకంలో జెరండ్, పార్టిసిపుల్ అని విడివిడిగా ఉంటే, మీరు చూసిన మరో వ్యాకరణంలో రెండింటికీ కలిపి ‘జెరండ్-పార్టిసిపుల్’ అని ఉందని రాశారు. రెండూ తప్పు కావు. 2002లో హడల్‌స్టన్, పుల్లమ్ ప్రచురించిన బృహద్వ్యాకరణం, రూపం ఒకటే అయినప్పుడు రెండు పేర్లు ఎందుకని వాటిని కలిపివేసింది. అంతకుముందు 1985లో వచ్చిన క్వర్క్ బృందం వ్యాకరణం కూడా ‘-ఇంగ్’ పార్టిసిపుల్ అనే ఒకే పేరుతో సరిపెట్టింది. మీ చెల్లెలి పుస్తకం పాత విభజననే అనుసరిస్తోంది కనుక ఆమెను ఆ పేర్లతోనే చదవనివ్వండి. తెలుగు మాట్లాడేవారికి ‘-డం’, ‘-తూ’, ‘-తున్న’ విడివిడిగా వినిపిస్తాయి కాబట్టి ఆ పాత విభజనే సులువుగా పట్టుబడుతుందని నా అభిప్రాయం.